పత్తి గదిలో ఎండ

మొన్న మా కొత్త ఇంటి తలుపులకి పాలిష్ పెడుతున్న వడ్రంగి మేస్త్రీ మీద గయ్యిమని లేచాను. పాపం ఆయన చేసిన నేరమేం లేదు. తలుపంతా అవిసె నూనె పట్టించి, ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలనున్న రంపపు పొట్టు మీదికి విసిరాడు. నేను కాఫీ గ్లాసు కింద పెట్టి, పరుగున వెళ్ళి, ఆ గుడ్డలన్నీ ఏరి బకెట్ నీళ్ళలో ముంచేశాను. "గుడ్డలకి దాహమేసిందా మేడం?" అని నవ్వాడాయన. ఇంట్లోవాళ్ళూ నవ్వారు. నవ్వుకోండి, నాకేం. అవిసె నూనె వాసన ముక్కుకి తగిలిందంటే నేను మంగళగిరి పక్కనున్న కొత్త ఇంట్లో ఉండను. సత్తెనపల్లికి అవతల, నల్లరేగడి చేల మధ్య, మా పాత పెంకుటింట్లో, పత్తి గది గుమ్మం దగ్గర తడి గోతాం పట్టుకుని నిలబడి ఉంటాను. వయసు పదో పదకొండో.

ఆ రోజుల్లో మా ఊళ్ళో పత్తికి వేరే గోడౌన్లేం లేవు. తీసిన పత్తి ఇంట్లోకి వచ్చేది, మనుషులు వరండాలోకి జరిగేవాళ్ళు. మంచి ధర వచ్చేదాకా అంతే. మా ఇంట్లో పెద్ద గది పత్తికిచ్చేసి, నేనూ నానమ్మా వసారాలో నులకమంచం మీద సర్దుకునేవాళ్ళం. గదిలో పత్తి కిటికీ పైదాకా ఉండేది. పెద్దవాళ్ళు చేలకి పోగానే పక్కింటి పిల్లలతో కలిసి అటకెక్కి దాంట్లోకి దూకడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆట. పీకల్లోతు మునిగిపోయేవాళ్ళం. పైకి లేచాక ఒళ్ళంతా ఎర్రపురుగులు, దురద, ఆ పైన అమ్మ చేతి వీపువాయింపు.

నాన్నకి మాత్రం పత్తి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కంటి మీద కునుకుండేది కాదు. అగ్గిపెట్టె వంటింటి గడప దాటకూడదు. దేవుడి పటాల దగ్గర అగరొత్తి కూడా వెలిగించకూడదు. బీడీ కాల్చుకునేవాళ్ళెవరైనా ఇంటికొస్తే వీధిలోనే నిలబెట్టి మాట్లాడి పంపేవాడు. సంవత్సరం కష్టం అంతా ఆ గదిలోనే ఉండేది. ఒక్క నిప్పురవ్వ చాలు, మేం రోడ్డున పడటానికి.

అలాంటి ఇంట్లోకి ఆ చలికాలం మా బాబాయి దిగాడు, ఒక రేకుపెట్టె, చుట్టచుట్టిన కాన్వాసు గుడ్డతో సహా. నాన్నకి సొంత తమ్ముడు. హైదరాబాద్‌లో బొమ్మలు వేయడం చదువుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు వెంకటేశ్వరస్వామిని వేస్తాడనో, సినిమా హీరోని వేస్తాడనో ఆశపడ్డారు. ఆయన మా కుడితి గోలెం వేశాడు. దాని నీళ్ళలో కనబడే వేపకొమ్మని వేశాడు. పొయ్యి ముందు అమ్మ ఊదుగొట్టం పట్టుకుని కూర్చుంటే, నిప్పుల వెలుగు ఆమె చెంప మీద పడటం వేశాడు. ఎదురింట్లో పరుపులు కుట్టే సాయిబు తాత, ఎండలో దూది రేగుతుంటే ఆ దూది మధ్య కూర్చుని ఉండటం వేశాడు. "ఇంత చదువు చదివి గోలెం గీశాడంట" అని రచ్చబండ దగ్గర ఒకటే నవ్వు. మిరపకాయలకి తొడిమలు తీయడానికి వచ్చే ఆడవాళ్ళు మాత్రం సరదా పడేవాళ్ళు. "అబ్బాయ్, నన్ను గూడా గియ్యవయ్యా, పళ్ళు మాత్రం పెట్టమాక" అనేదొక ముసలామె, ఉన్న రెండు పళ్ళూ బయటపెట్టి.

నాన్న నవ్వేవాడు కాదు. ఒకరోజు భోజనాల దగ్గర తేల్చి చెప్పేశాడు. దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీలో మా బంధువొకాయన తూకాల దగ్గర గుమాస్తా పని ఖాయం చేశాడు.

"ఈ పత్తి ఇంట్లో ఉన్నన్నాళ్ళు నీ ఇష్టమొచ్చినట్టు గీసుకో. దీన్ని లారీకెత్తిన రోజున నువ్వు బస్సెక్కాల. మళ్ళీ నన్ను అడగమాక" అన్నాడు.

"ఒక్క బొమ్మ పూర్తి కానీ అన్నయ్యా" అన్నాడు బాబాయి. "హైదరాబాద్‌లో తెలిసినవాళ్ళకి చూపిస్తా. బాగోలేదంటే నేనే పోతా దాచేపల్లి."

నానమ్మ పళ్ళెంలో పండుమిరపకాయ పచ్చడి వేస్తూ, "ముందు తినండ్రా" అంది. ఆ పచ్చడి కారానికో మరి దేనికో, బాబాయి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ ఒక్క బొమ్మా పత్తి గది బొమ్మే. నా ఎత్తు కాన్వాసు. గది నిండా పత్తి, గుమ్మంలో అమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని పత్తిలో ఆకు పొట్టు ఏరుతూ ఉండటం, దక్షిణం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి పత్తి మీదా అమ్మ చేతుల మీదా పడటం. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాసేపే ఆ ఎండ ఉండేది. తర్వాత వేపచెట్టు చాటుకి పోయేది. ఆ కాసేపట్లో బాబాయిని పలకరిస్తే కరిచేట్టు చూసేవాడు.

"నన్ను చూడొద్దు వదినా, చేటలోకి చూడు."

"నిన్ను చూడ్డానికి నాకు తీరికెక్కడిదయ్యా, అవతల చారు పొంగుతుంటే."

ఒకసారి నన్ను పిలిచి, "ఆ గోడ ఏం రంగు పాపా?" అన్నాడు. తెలుపన్నాను. "కళ్ళు పెట్టి చూసి చెప్పు" అన్నాడు. చూశాను. సున్నం గోడ కింది భాగమంతా ఎర్రగా ఉంది. వాకిట్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు అది. అమ్మ గడ్డం కింద కూడా ఆ ఎరుపే. పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లో ఉండి నేను అది చూడలేదు. బాబాయి మీద నాకు గౌరవం పుట్టింది అప్పుడే. అంతకుముందు నాన్న మాటే నా మాట.

కుంచెలు తుడవడానికి ఆయన గుప్పెడు గుప్పెడు పత్తి తీసుకునేవాడు. పత్తింట్లో పాతగుడ్డలెవరు వెతుక్కుంటారు? తుడిచిన దూదిని మాత్రం వరండా చివర నీళ్ళ కుండలో వేసి, పైన మూకుడు పెట్టేవాడు. "దీని జోలికి ఎవరూ రావద్దు" అని అందరికీ చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. విషమనుకుని మేం పిల్లలం దాని పక్కన కూడా నడిచేవాళ్ళం కాదు.

ధర పెరిగింది. శుక్రవారం లారీ పంపమని నాన్న సత్తెనపల్లి వ్యాపారికి కబురు పెట్టాడు. అప్పటినుంచీ ఇంట్లో గాలి ఆడలేదు. రోజూ ఎండ వేళకి నాన్న కల్లం నుంచి వచ్చి గుమ్మం అవతల నిలబడేవాడు. బొమ్మ వైపు చూసేవాడు కాదు, తమ్ముడి వీపు వైపు చూసేవాడు.

"అయిందా?"

"ఇంకా లేదన్నయ్యా. ఎండ పడే చోటే మిగిలింది."

"శుక్రవారం."

"తెలుసన్నయ్యా."

అమ్మ ఇద్దరి మధ్యా చేట పట్టుకుని కూర్చుని, ఏరిన పత్తినే మళ్ళీ ఏరేది. బాబాయి ఎలాగైనా గెలవాలని నేను మొక్కుకోని దేవుడు లేడు. ఓడిపోతే ఆయన ఆ ఫ్యాక్టరీ బూడిదరంగు దుమ్ములో, లారీల తూకం చూస్తూ బతకాలి. ఆ ఊరి చెట్లు కూడా తెల్లగా ఉంటాయని విన్నాను.

గురువారం మధ్యాహ్నం. శివరాత్రి వెళ్ళిపోయింది కదా, ఎండ ముదురుతోంది. వాకిట్లో మిరప ఘాటుకి తుమ్ములు. బాబాయి వేస్తూ వేస్తూ కుంచె ఆపాడు. గాలి పీల్చాడు.

"వదినా, పొయ్యి మీద ఏమన్నా మాడుతోందా?"

"పొయ్యి ఎప్పుడో ఆర్పేశా."

నాకూ తెలిసింది. కమురు వాసన. పాత నూనె మళ్ళీ కాచినట్టు. బాబాయి పత్తిలోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. ఇంకోచోట పెట్టాడు. గోడవారగా వంగి పెట్టాడు.

"పాపా, నాన్నని పిలువు. పరిగెత్తు."

కల్లం దాకా ఎలా పరిగెత్తానో తెలియదు. నాన్న వచ్చి తనూ చెయ్యి పెట్టి చూశాడు.

"వెచ్చగానే ఉంది. కడాపటి తీత మంచుతో తీశాం గదా, ఆ తేమకి వేడెక్కుంటది. సాయంత్రం మనుషుల్ని పెట్టి తిరగేద్దాం."

"తేమ వేడి కాదన్నయ్యా ఇది. నూనె."

"ఏం నూనె?"

బాబాయి చెప్పాడు. రంగుల్లో కలిపే అవిసె నూనె పట్టిన దూది గాలి ఆడనిచోట కుప్పగా పడుంటే తనంతట తనే వేడెక్కుతుందని. అగ్గిపుల్ల అక్కర్లేదని. అందుకే నీళ్ళలో వేసేవాడినని.

నాన్న కొడతాడనుకున్నాను.

"నిప్పు పుట్టే వస్తువు నా పత్తి గదిలో పెట్టుకుని ఇన్నాళ్ళు నోరు మూసుకున్నావా?"

"చెబితే గియ్యనిచ్చేవాడివా?"

"గియ్యనిచ్చేవాణ్ణి కాదు! పిల్లలు పడుకునే ఇల్లురా ఇది!"

అమ్మ లేచింది. చేటలో పత్తి అంతా కింద పడింది. "కొట్టుకునేది తర్వాత కొట్టుకుందురుగాని. ముందు ఆ కుండ చూడండి" అంది.

మూకుడు తీశాం. కుండలో నీళ్ళున్నాయి, నీళ్ళ మీద రంగురంగుల నూనె తెట్టు ఉంది. దూది లేదు.

బాబాయి మెల్లగా వరండా వైపు తిరిగాడు. అక్కడ నానమ్మ మిరపకాయల ముందు కూర్చుని ఉంది. తలెత్తలేదు. కానీ ఆమె వేళ్ళు ఆగిపోయాయి. ఊరంతా మునిగినా నానమ్మ వేళ్ళు ఆగవు.

"అమ్మా. ఆ దూది తీశావా?"

"బంగారంలాంటి పత్తిరా" అంది నానమ్మ. "నీళ్ళల్లో కుళ్ళబెడతన్నావు. నాకు ప్రాణం ఒప్పలేదు. పిండి, పిట్టగోడ మీద ఎండబెట్టి, పోగులో కలిపేశా. రంగు కనపడితే యాపారి ఊరుకోడని అడుక్కి తోశా."

"ఏ మూల?"

"అవతల మూల. గోడవార."

నానమ్మని అనేదేముంది? ఆమె చేలో రాలిన పత్తిని ఒక్కొక్క పాయా ఏరి కొంగులో కట్టుకొచ్చే మనిషి. "మెతుకు పారేసినా క్షమిస్తాడు గానీ, గుడ్డ పారేస్తే దేవుడు క్షమించడు" అనేది. రంగు పూసిన పత్తిని వ్యాపారికి అంటగట్టాలన్న గడుసుతనం కూడా ఉంది, కాదనను. ఇల్లు అంటుకునే పని చేస్తున్నానని ఆమెకి కలలో కూడా తెలియదు.

అవతల మూలకి చేరాలంటే గది ఖాళీ చేయాలి. నాన్న కిటికీ రెక్కలు మూసేసి, గాలి తగలకుండా తడి గోతాలు కట్టమన్నాడు. తొడిమలు తీసే ఆడవాళ్ళు లేచి వచ్చారు. ఎదురింటి సాయిబు తాత, ఆయన కోడలు గోతాలు తడిపి మోసుకొచ్చారు. ఉప్పు కావాలన్నా ఊరు మొత్తానికి వినబడేలా అరిచే మా వాళ్ళు ఒక్కరూ మాట్లాడలేదు. పత్తి బోరాల్లో కుక్కి ఎత్తడం, వీధిలో గుమ్మరించడం, మళ్ళీ రావడం. వీధంతా తెల్లగా అయిపోయింది. దుమ్ము, మిరప పొట్టు, పేడ అన్నీ కలిసిపోతున్నాయి పత్తిలో. ఎవరూ ఆగలేదు. నేను బిందెతో గోతాలు తడుపుతూ గుమ్మంలో ఉన్నాను.

సగం కూడా తీయకముందే పొగ వచ్చింది. సన్నగా, గోడవారనుంచి. సాయిబు తాత "యా అల్లా" అనుకోవడం నాకు వినబడింది.

"ఇట్టా తీస్తూ పోతే చేరేలోపు అంటుకుంటది" అన్నాడు బాబాయి. తడి గోతాం ఒకటి భుజాల మీద కప్పుకుని, ఇంకోటి చేతులకి చుట్టుకుని, గోడకీ పత్తికీ మధ్య పొట్ట మీద పాకుతూ లోపలికి దూరిపోయాడు.

"ఒరేయ్, రారా బయటికి! పోతే పోయింది పత్తి! ఒరేయ్!" నాన్న గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు. కింద పడిపోయి తమ్ముడి కాళ్ళు పట్టుకున్నాడు, చీలమండల దగ్గర. వదల్లేదు. బాబాయి ముందుకి పాకేకొద్దీ నాన్న కూడా మోచేతుల మీద పాకాడు. కాసేపటికి నాన్న పాదాలే కనబడ్డాయి మాకు.

లోపల దగ్గు. తర్వాత అది కూడా లేదు.

"పలకరా! లాగనా?"

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు పడిన ఆమె గోళ్ళ గుర్తులు చాలా రోజులున్నాయి నా చేతి మీద. నానమ్మ గుమ్మంలో కూలబడి, "నా చేత్తో నేనే, నా చేత్తో నేనే" అంటోంది.

నాన్న లాగాడు. సాయిబు తాత నాన్న నడుం పట్టుకుని లాగాడు. ముందు నాన్న, వెనక బాబాయి, బాబాయి గుండెలకి హత్తుకుని ఒక ముద్ద. పైకి గోధుమరంగులో ఉంది. గాలి తగలగానే మధ్యలో ఎర్రగా కళ్ళు తెరిచింది. బాబాయి దాన్ని వదలకుండానే వాకిట్లోకి పరిగెత్తి, చేతులతో సహా కుడితి గోలెంలో ముంచేశాడు. చుయ్యిమంది. బర్రె బెదిరి తాడు తెంపుకుంది.

తర్వాత మొత్తం గది ఖాళీ చేసి ప్రతి పాయా తడిమి చూశారు. ఇంకో ఉండ దొరికింది, వెచ్చగా ఉంది అంతే. ఇల్లు దక్కింది. పత్తి దక్కింది. బాబాయి కుడిచెయ్యి మాత్రం అరచెయ్యంతా బొబ్బలెత్తి, వేళ్ళు ముడుచుకుపోయింది. ఆర్‌ఎంపీ డాక్టరు కట్టు కట్టి, చెయ్యి ఎప్పటికి మానుతుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

నానమ్మ ఆ కట్టు చూసి తల బాదుకుంటుంటే బాబాయి ఎడంచేత్తో ఆపాడు. "నీ తప్పేముందమ్మా. ఎందుకు ముట్టుకోవద్దన్నానో నేను చెప్పలేదు. చెబితే బొమ్మ ఆపేస్తారని చెప్పలేదు. తప్పు నాది." నాన్న అక్కడే ఉన్నాడు. అది విని, వీధిలో పత్తి మీద టార్పాలిన్ పట్టాలు కప్పడానికి వెళ్ళాడు.

శుక్రవారం పొద్దున్నే లారీ వచ్చింది. పత్తి ఇంకా వీధిలో, పట్టాల కింద ఉంది. బాబాయి రేకుపెట్టె సర్దుకుని, ఎడంచేత్తో తాడు ముడి వేయడం రాక, నన్ను వేయమన్నాడు. నేను ఏడుస్తూ వేశాను. ఒకసారి గట్టిగా వేసి, మళ్ళీ ఊడిపోయేలా వదులు చేశాను.

వ్యాపారి మనిషి పత్తి చూసి మొహం చిట్లించాడు. "చెత్త పడిందండీ. అయినా ఇవ్వాళ్టి ధర ఇచ్చేస్తాం. ఇంతకన్నా పెరగదండి, తగ్గుద్ది. ఎత్తించమంటారా?"

నాన్న నములుతున్న వేపపుల్ల ఉమ్మేశాడు. "ఇవ్వను" అన్నాడు.

"అదేంటండీ, కబురు పెట్టిందే మీరు గదా?"

"మా వాడి చెయ్యి మానాల" అన్నాడు నాన్న. ఖాళీ లారీ వెనక్కి తిరగడానికి దారిస్తూ పక్కకి జరిగాడు.

అతనికి ఏం అర్థమైందో తెలియదు. మాకందరికీ అర్థమైంది. బాబాయి అరుగు మీద అలాగే కూర్చుండిపోయాడు. ఆ రోజే నాన్న పత్తి లోపలికి ఎత్తించాడు. కుండ, నూనె సీసాలు పెరటి చివరి కొట్టంలోకి పంపించాడు, అది వేరే సంగతి. పత్తి పోయించే ముందు మొదటిసారి ఆ కాన్వాసు ఎదురుగా నిలబడ్డాడు. దాని తడి రంగు మీద దూదిపోగులు అంటుకుని ఉన్నాయి. దాన్ని చూసీ చూసీ కూలివాళ్ళకి చెప్పాడు: "ఎడంపక్క ఎత్తు చెయ్యండి. ఇంకా. కిటికీ కాడ కొంచెం పల్లం."

ధర తగ్గింది. ఇంకా తగ్గింది. బొమ్మ కోసం పత్తి ఆపినోడని ఊళ్ళో నాన్నకి పేరు పడింది. ఎవరేమన్నా నాన్న కండువా దులుపుకుని వచ్చేసేవాడు. దాచేపల్లి పని ఎవరికో ఇచ్చేశారు. ఉగాది వెళ్ళాక ఎప్పటికో బాబాయి వేళ్ళు విప్పారాయి. చేతికి చెంచా పట్టడం, పెన్సిలు పట్టడం వచ్చింది. కుంచె పట్టుకుని గదిలోకి వెళ్ళాడు. అమ్మ చేటతో కూర్చుంది. భోజనాల వేళ దాటింది. మేమంతా కిటికీ వైపు చూస్తున్నాం.

ఎండ రాలేదు.

"రాదు" అన్నాడు బాబాయి. "సూర్యుడు నడినెత్తికొచ్చేశాడు. మళ్ళీ చలికాలం దాకా ఈ కిటికీలో ఎండ పడదు. నాకు ముందే తట్టాల్సింది." కుంచె కింద పెట్టాడు. "అన్నయ్యా, పత్తి అమ్మెయ్యి. నావల్ల ఇప్పటికే చాలా నష్టపోయావు. నేను ఇంకెక్కడైనా పని చూసుకుంటా."

ఆ మాట విని అమ్మ చేట పక్కన పెట్టింది. ఇంత జరిగీ చివరికి ఎండ చేతిలో ఓడిపోయామనిపించింది.

నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. కోపమొచ్చిందనుకున్నాం. పెరట్లో నిచ్చెన ఈడ్చిన చప్పుడైంది. తర్వాత పైన పెంకుల మీద అడుగులు. "ఆ వేసంగి ఎండలో ఎక్కడికిరా, జారి పడతావు" అని నానమ్మ అరుస్తోంది. మా నెత్తి మీద పెంకు ఒకటి కదిలింది. మట్టి రాలింది. ఆ పక్కవి ఇంకో నాలుగైదు వరసగా లేచాయి. ఒక్కసారిగా గదిలోకి ఎండ దిగింది, తలుపంత వెడల్పున. పత్తంతా వెలిగిపోయింది. అమ్మ గబుక్కున చేట ఒళ్ళోకి తీసుకుని, తల వంచుకుని కూర్చుంది.

పైనుంచి నాన్న తల కనబడింది. కండువా తలకి చుట్టుకున్నాడు. మొహమంతా చెమట.

"ఇక్కడేనా? ఇంకొంచెం కిటికీ పక్కకా?"

బాబాయి మాట్లాడలేకపోయాడు. చేత్తో కిటికీ వైపు చూపించాడు. ఇంకో పెంకు తొలిగింది.

ఆ బొమ్మ పూర్తయింది. హైదరాబాద్‌లో దాన్ని చూసినవాళ్ళు బాబాయికి పని ఇచ్చారు, బొమ్మలు వేసే పనే. ఆ తర్వాత ఆయన ఎన్ని వేశాడో లెక్క లేదు. పత్తి తొలకరికి ముందు నష్టానికే పోయింది. అది పూడ్చుకోవడానికి మాకు చాలా కాలం పట్టింది. నాన్న ఆ బొమ్మ గురించి బతికున్నన్నాళ్ళూ బాగుందనలేదు, బాగోలేదనలేదు. మాటకారి కాదు మా నాన్న, ముద్దు చేసే మనిషీ కాదు. చిన్నప్పుడు ఆయనకి మా మీద ప్రేమ ఉందో లేదో తెలియక చాలాసార్లు బాధపడేదాన్ని. ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే ఆ కాలిపోయే పెంకుల మీద మోకాళ్ళేసుకుని, కన్నంలోంచి కిందికి తొంగి చూస్తూ కసిరిన గొంతే వినిపిస్తుంది.

"ఏరా, చెవుడా? ఇక్కడ కాళ్ళు కాలతన్నయ్ నాకు. చాలా, ఇంకో పెంకు తియ్యనా?"